బతికున్నవాడి పేరు మీద ప్రార్థన

"జపమాల ఇచ్చెయ్యి ఫెర్మినా. మధ్యాహ్నానికి జనం వచ్చేస్తారు. చేతులూపుకుంటూ ప్రార్థన చేయించమంటావా నన్ను?"

"ఇవ్వను."

"అది నాది. మా అమ్మ ఇచ్చింది."

"మీ అమ్మదైతే కళ్ళకద్దుకుంటాను. ఇవ్వనంటే ఇవ్వను."

నిన్న సాయంత్రం, పోయినవాళ్ళకి చేసే తొమ్మిది రోజుల ప్రార్థనలో ఎనిమిదో రోజుది నడుస్తుండగా డోన్యా ఫెర్మినా లేచి, తొమాసా చేతిలోంచి జపమాల లాక్కున్న దగ్గర్నుంచి అది ఆవిడ తొడ కిందే ఉంది. ఎనభై దాటిన మనిషి. కుర్చీ దిగలేదు, నేను పోసిచ్చిన కాఫీ తప్ప ఏదీ ముట్టలేదు. ఎదురుగా తెల్లదుప్పటి కప్పిన బల్ల మీద కొడుకు ఫోటో, రెండు కొవ్వొత్తులు. ఫోటోలో ఆయన బేస్‌బాల్ జట్టు టోపీ పెట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వేవాళ్ళకేం, పోయినవాళ్ళకి అన్నీ సుఖాలే.

నా కొట్టు వాళ్ళింటికి ఎదురుగానే. ఈ తొమ్మిది రోజులూ కప్పులూ పంచదారా మోస్తున్నది నేనే కాబట్టి, ఇష్టమున్నా లేకపోయినా ఈ ఇంటి గొడవలన్నీ నా చెవిన పడ్డాయి. ఇష్టం లేదని చెబితే మాత్రం దేవుడు నమ్మడు.

పోయిన మనిషి భార్య యుదెల్కా వంటింట్లోంచి వచ్చింది. కళ్ళు ఉబ్బిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం కత్తిలా ఉంది.

"ఇంకా దిగలేదా అత్తమ్మా పంతం?"

"పంతం కాదే. పాపం. ఎనిమిది రోజులు నా నోటితో నేనే, 'దేవా, నెరెయో ఆత్మకు విశ్రాంతినివ్వు' అన్నాను. నెరెయో చచ్చిపోయాడా? నెరెయో బయట ఐసు మోస్తున్నాడు! చచ్చిపోయింది నా పెద్దవాడు, ఎలాదియో."

"మెల్లగా!" యుదెల్కా కిటికీ తలుపు లాగేసింది.

"ముందు జ్వరమొచ్చింది చిన్నవాడికి. తర్వాత వాంతులు. నిన్న బండి మీంచి పడ్డాడు. ఇంకేం కావాలి నీకు? మనం ప్రార్థించి ప్రార్థించి వాణ్ణి లాగేస్తున్నాం."

"వానలు పడుతుంటే ఊళ్ళో సగంమందికి జ్వరాలే. అందరి పేరు మీదా ప్రార్థన చేయించామా? ఎవరు చచ్చారో దేవుడికి తెలీదా ఏంటి?"

"తెలిస్తే ప్రార్థన దేనికి?"

ఊళ్ళో ఎవరు పోయినా ప్రార్థన చేయించేది తొమాసాయే, అలాంటి మనిషి నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

ఈ సంగతి నిన్నటిదాకా నాకూ తెలీదు. ఈ కుటుంబం మా ఊరొచ్చేసరికే, మా లెక్కలో కూకో అన్న, ఆటగాడు నెరెయో తమ్ముడు. కూకో అసలు పేరేమిటని ఎవరు అడిగారు? మా ఊళ్ళో ముద్దుపేరు ఒకసారి అతుక్కుందంటే సమాధి దాకా అదే. కూకో అంటే మోటారుసైకిలు మీద జనాన్ని దింపే కూకో, అంతే.

"పేరు దొంగతనం వాడు చేయలేదు, నేను చేశాను," అంది ఫెర్మినా. "చెరకు కూలీల లైను ఇళ్ళలో ఉన్నాం అప్పుడు. ఆటగాళ్ళని ఏరుకోవడానికి వచ్చినవాళ్ళు పదిహేడు దాటినవాడి మొహం చూసేవాళ్ళు కాదు. ఎలాదియోకి ఇరవై ఒకటి. మూడేళ్ళుగా ప్రతివాడి ముందూ బ్యాటు పట్టుకుని నిలబడ్డాడు, ప్రతివాడూ వయసడిగి వెళ్ళిపోయాడు. తిండి మానేశాడు. నేనే ఇద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఇవాళ్టి నుంచి నువ్వు నెరెయో, నువ్వు ఎలాదియో అన్నాను. చిన్నవాడికి పదిహేడు. వాడు నవ్వాడు. ఆటలా ఉందే అమ్మా అన్నాడు."

"అయిపోయింది కదా! ఎప్పుడో అయిపోయింది!" యుదెల్కా గొంతు పగిలింది. "పెళ్ళిలో ఫాదరు నన్నడిగింది, నెరెయోని భర్తగా స్వీకరిస్తావా అని. అవునన్నాను. ఎలాదియో ఎవరో నాకు తెలీదు అత్తమ్మా. తెలియని మగాడి కోసం నల్లబట్టలు కట్టుకోమంటారా నన్ను?"

"నీకు చెప్పలేదా వాడు?"

"చెప్పాడు. పెళ్ళయ్యాక. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తొద్దన్నాను."

వీధి తలుపు దగ్గర దగ్గు వినిపించింది. కూకో. భుజం మీద ఐసు గోనె, మోకాలికి గుడ్డ కట్టు. ఎంతసేపట్నుంచి నిలబడ్డాడో తెలీదు గానీ చొక్కా సగం తడిసిపోయింది.

"నన్నెవరూ అడగరే?" అన్నాడు.

యుదెల్కా అతని వైపు తిరిగింది. "సరే, నువ్వే చెప్పు. ఏం కావాలి నీకు? సాయంత్రం చెరకు మిల్లు మైదానానికి మీ అన్న పేరు పెడుతున్నారు. గ్వారోవా క్షౌరశాల మూసుకుని మరీ బోర్డు రాశాడు. అది తీసేయించమంటావా?"

"బోర్డు ఉండనీ వదినా. మైదానం ఆయనదే. ఆ బోర్డు మీద ఉన్నది నా పేరని నేను ఎవరికీ చెప్పను." గోనె దించాడు. "ప్రార్థన ఒక్కటే. చివరి రోజు కదా. ఈ ఒక్కసారి అన్న పేరు అన్న పేరుగా అనండి. ఊరంతా కలిసి నా ఆత్మకు శాంతి అంటుంటే, ఎనిమిది రోజులూ నేను కూడా వాళ్ళతో ఆమెన్ అన్నాను. ఇవాళ అనలేను."

"ఒక్క పేరే కదా అంటావు. ఆ ఒక్క పేరు వినగానే గ్వారోవా తల తిప్పి, ఎలాదియో ఎవరు అంటాడు. అప్పుడు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది కూకో. ఊరికి ఆయన తప్ప ఇంకెవరున్నారు చెప్పుకోవడానికి? అది కూడా దొంగసరుకు అని తేలితే ఆయన మొహాన ఉమ్ముతారు. చచ్చిపోయినవాడు తుడుచుకోలేడు కూడా."

కూకో వంగి మోకాలి కట్టు బిగించుకున్నాడు.

ఆమె అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. "అయినా ఆ పేరుతో నువ్వేం చేసేవాడివి? ఆయన దాన్ని అమెరికా దాకా తీసుకెళ్ళాడు. నువ్వైతే మోటారుసైకిలు వెనక రాసుకునేవాడివి."

ఫెర్మినా కళ్ళు మూసుకుంది. తొమాసా శిలువ గుర్తు వేసుకుంది. నేను కప్పులు తుడుస్తున్నదాన్ని తుడుస్తూనే ఉన్నాను. ఆ మాట నన్నంటే కప్పు విసిరి ఉండేదాన్ని. కూకో మాత్రం గోనె మళ్ళీ భుజానికెత్తుకుని, కుంటుకుంటూ పెరట్లోకి వెళ్ళాడు.

*

మధ్యాహ్నానికి పెరట్లో రేకుల కింద డామినో బల్లలు వేశారు. ప్రార్థన మొదలయ్యేదాకా మగాళ్ళకి వేరే పనేముంది? పోయినవాడి గురించి చెప్పుకోవడం, అందులో ఒకరి మాట ఒకరు కొట్టేయడం.

"ఎడమ గోడకి తగిలింది ఆ బంతి. మూడో బేస్ దాకా పరిగెత్తాడు, తలముందు దూకాడు, ముందుపన్ను విరిగింది," అన్నాడు మంగలి గ్వారోవా. ఆ పన్ను గురించి చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చెమ్మగిల్లుతాయి.

"గోడకి తగల్లేదు. అవతలివాడు వదిలేశాడు," అన్నాడు బస్సు నడిపే తేలో. "నువ్వసలు ఆ రోజు స్టేడియంలో లేవు. రేడియోలో విన్నావు."

"రేడియోలో విన్నవాడికే బాగా కనపడుతుందిరా. స్టేడియంలో ఉన్న నువ్వు బీరు కోసం లేచావు."

అందరూ నవ్వారు. తేలో కూడా నవ్వాడు, ఎందుకంటే నిజంగానే లేచాడు.

ఏముంది ఆ మనిషి ఆటలో, చెప్పండి? మా చలికాలం లీగులో కొన్నేళ్ళు ఆడాడు. అమెరికాలో చిన్న ఊళ్ళ జట్లలో ఏళ్ళ తరబడి బస్సుల్లో తిరిగాడు. ఒక్క వేసవి పెద్ద జట్టు చొక్కా తొడుక్కుని, ఎక్కువగా బెంచీ మీదే కూర్చుని వచ్చేశాడు. ఇప్పటి పిల్లల్ని అడిగితే ఎవరంటారు. కానీ మా ఊరికి అదే ఎక్కువ. ఆయన బెంచీ మీద కూర్చున్నా మా ఊరే కూర్చున్నట్టు ఉండేది.

"మంచివాడే గానీ పుట్టినరోజంటే మాత్రం పడదు," అన్నాడు తేలో. "ఒకసారి మేమంతా కేకు పట్టుకెళ్తే మొహం మాడ్చుకుని పెరటిదారిన వెళ్ళిపోయాడు. కేకు మేమే తిన్నాం."

"వయసు గుర్తు చేస్తే ఏ ఆటగాడికి నచ్చుతుంది?" అన్నాడు గ్వారోవా.

అప్పుడు నోరు విప్పాడు మూలన కూర్చున్న ముసలాయన. డాన్ లిబోరియో. ఒకప్పుడు పల్లెపల్లె తిరిగి ఆటగాళ్ళని ఏరి అమెరికా జట్లకి పంపినవాడు. రాజధాని నుంచి బస్సులో వచ్చాడు, చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని అంతసేపూ వింటున్నాడు.

"నెరెయోని ఏరింది నేను కాదు, వేరేవాడు. నేను వచ్చింది ఆ తర్వాత నెలకి, వాళ్ళ అన్న కోసం."

"ఎవరు, కూకో కోసమా?" తేలో పకపకా నవ్వాడు. "మన బండి కూకో?"

"నవ్వండి. ఎడమచేత్తో బంతి విసిరేవాడు. చెరకు లైన్ల వెనక మట్టిలో, చెప్పుల్లేకుండా. పట్టుకునేవాడి చెయ్యి వాచిపోయింది, ఇక నా వల్ల కాదని కూర్చున్నాడు. నా బతుకంతా చూశాను గానీ అలాంటి చెయ్యి మళ్ళీ చూడలేదు. తమ్ముడు ఆటగాడే, కాదనను. కానీ ఆ చెయ్యి దేవుడు తీరిగ్గా కూర్చుని చేసింది."

నవ్వులు ఆగిపోయాయి. కూకో ఐసు పగలగొడుతున్నాడు. చేతిలో సుత్తి ఉంది, ఎడమచేతిలో. తల ఎత్తలేదు.

"మరి తీసుకెళ్ళలేదేం?" అన్నాడు గ్వారోవా.

"ఇరవై ఒకటన్నారు. ఆ వయసువాణ్ణి పట్టుకెళ్తే నన్ను గెంటేసేవాళ్ళు. బస్సెక్కి కూడా వెనక్కి చూశాను, అబద్ధమేమోనని. చూడ్డానికి చిన్నపిల్లాడిలా ఉన్నాడు మరి."

పళ్ళెంలో అల్లం టీ పట్టుకుని నా పక్కన నిలబడి ఉంది యుదెల్కా.

"ఎవరు చెప్పారు మీకు, ఇరవై ఒకటని?" అంది.

"అతనే చెప్పాడమ్మా. నేనే అడిగాను. నీకెన్నేళ్ళు బాబూ అంటే కాసేపు నేలకేసి చూశాడు. తర్వాత చెప్పాడు."

యుదెల్కా పళ్ళెం నా చేతుల్లో పెట్టేసింది. వేడి టీ నా మణికట్టు మీద ఒలికింది, అయినా అరవలేదు నేను. ఆమె తిన్నగా నీళ్ళ పీపా దగ్గరికి, కూకో ముందుకి వెళ్ళింది. ఇద్దరూ మెల్లగానే మాట్లాడుకున్నారు. నేను ఖాళీ కప్పులు ఏరుకుంటూ అటే వెళ్ళాను, కప్పులు అటువైపు లేకపోయినా.

"నిజం చెప్పి ఉండొచ్చు కదా?"

"ఒకే ఇంట్లో ఇద్దరికి పదిహేడేళ్ళు ఎలా ఉంటాయి వదినా? కవలలమా? అడుగుతారు. అడిగితే అన్నని వెనక్కి పంపేస్తారు. అప్పటికి పది రోజులే అయింది ఆయన విమానమెక్కి."

"ఆయనకి తెలుసా?"

కూకో సుత్తి కింద పెట్టాడు. "అమ్మ చెప్పింది, ఆయన మొదటిసారి ఇంటికొచ్చినప్పుడు. నాకు బంతి పట్టే గ్లోవు తెచ్చాడు అమెరికా నుంచి. ఇవ్వబోయి, మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాడు. ఆ తర్వాత నా మొహంలోకి చూసి మాట్లాడిందే లేదు."

"నేనేమో…" యుదెల్కా మాట మింగింది. "నువ్వంటే ఆయనకి చిన్నచూపు అనుకున్నాను. బండి తోలుకునేవాడివని. నేనూ అలాగే చూశాను నిన్ను, ఇన్నేళ్ళూ. పొద్దున నేనన్న మాట…"

"అనేశావుగా. పోనీలే."

"పోనీలే అనకు!" ఒక్కసారిగా అరిచింది. డామినో బల్లల దగ్గర తలలు తిరిగాయి. "తిట్టు. నన్ను కనీసం తిట్టు!"

కూకో తిట్టలేదు. తిట్టడం చేతనైన మనిషే అయితే ఈ కథ ఇలా నడిచేది కాదు.

*

మూడింటికి ఇల్లు నిండిపోయింది. ఆడవాళ్ళు లోపల, మగాళ్ళు గుమ్మంలో టోపీలు తీసి నిలబడ్డారు. లిబోరియోకి ముందువరసలో కుర్చీ వేశారు. కొత్త కొవ్వొత్తులు వెలిగించారు. తొమాసా చేతులు ముడుచుకుని నిలబడింది, జపమాల లేదు కదా మరి. గుసగుసలు మొదలయ్యాయి.

యుదెల్కా వచ్చి అత్తగారి కాళ్ళ దగ్గర మోకరిల్లింది. చెయ్యి చాచింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఏం చదివిందో ఆ మొహంలో ముసలావిడ, తొడ కింద నుంచి జపమాల తీసి ఆ చేతిలో పెట్టింది. యుదెల్కా దాన్ని తొమాసాకి అందించి చెవిలో ఏదో చెప్పింది.

"నిశ్చయమేనా?" అంది తొమాసా.

"కానివ్వు, నా ధైర్యం పోకముందే."

ప్రార్థన మొదలైంది. పరలోక జపం, మంగళవార్త జపం, ఒకదాని మీదొకటి, జనం గొంతులు తేనెటీగల్లా ఒకే రాగంలో. మొదటి పది పూసలు అయ్యాయి. పేరు చెప్పాల్సిన చోటొచ్చింది. తొమాసా గుక్క తిప్పుకుంది.

"దేవా, ఎలాదియో ఆత్మకు నిత్య విశ్రాంతినివ్వు."

జవాబు రాలేదు.

ఎనిమిది రోజులుగా అలవాటైన నోళ్ళు తెరుచుకున్నాయి గానీ ఆ పేరు దగ్గర తడబడి ఆగిపోయాయి. ఎలాదియో ఎవరో ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఎవరి శాంతి కోరుకుంటున్నారో తెలియకుండా ఎలా కోరుకుంటారు? ఆ పేరుతో మనిషి పుట్టాడు, చచ్చిపోయాడు, మధ్యలో అతన్ని గుర్తుపెట్టుకున్నవాడు ఒక్కడూ లేడు.

"నిత్య వెలుగు అతనిపై ప్రకాశించుగాక," అంది ఒక గొంతు వెనక నుంచి. ఒక్కటే. కూకోది.

తర్వాత ఫెర్మినా అంది. తర్వాత నేనూ అన్నాను.

"ఎలాదియో ఎవరు?" గ్వారోవా అననే అన్నాడు. "తొమాసా, పొరపాటు పడ్డావు. నెరెయో కదా."

"పొరపాటు కాదు." యుదెల్కా లేచి నిలబడింది. గోడ పట్టుకుంది. "నా మొగుడి పేరు ఎలాదియో. మీరు చూసిన ఆటంతా ఆడింది ఆయనే, పన్ను విరిగిందీ ఆయనదే. మీరు పిలిచిన పేరే ఆయనది కాదు, వయసూ ఆయనది కాదు. తమ్ముడివి."

"తమ్ముడా? నెరెయోకి తమ్ముడెవరు?" తేలో అటూ ఇటూ చూశాడు.

ఎవరూ చెప్పకుండానే చూపులన్నీ మెల్లగా వెనక్కి తిరిగాయి. కూకో పారిపోవడానికి చోటు వెతుకుతున్నట్టు కనిపించాడు, కానీ వెనక గోడ ఉంది.

లిబోరియో కర్ర మీద భారం వేసి లేచాడు. జనం పక్కకి జరిగారు. కూకో దగ్గరికి వెళ్ళేసరికి ఆయనకి ఆయాసం వచ్చింది.

"నేను అడిగిన రోజు, నీకెన్నేళ్ళు బాబూ?"

కూకో నేలకేసి చూడలేదు ఈసారి.

"పదిహేడు."

ముసలాయన తల ఊపాడు. నిలబడ్డచోటే కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఎందుకేడుస్తున్నాడో ఆయనకే తెలియాలి. పోగొట్టుకున్న చెయ్యి కోసమో, వెనక్కి చూసి కూడా దిగని ఆ బస్సు కోసమో.

గ్వారోవా టోపీ పెట్టుకున్నాడు. ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా తెల్లబోయింది. ఎవరితోనూ మాట్లాడకుండా గుమ్మం దిగాడు. తేలో వెనకే వెళ్ళాడు, అతని వెనక ఇంకో నలుగురు. మైదానం వైపు. యుదెల్కా పిలవబోయి ఆగిపోయింది. ఆమె భయపడిందంతా ఆమె కళ్ళముందే నడిచి వెళ్తోంది.

"చదువు తొమాసా," అంది. "ఇంకా పూసలున్నాయి."

వచ్చి కూకోని గోడ వారన కూర్చోబెట్టి, పక్కన కూర్చుంది. "నె…" అంది అతని వైపు తిరిగి. పేరు సగంలో విరిగింది. ఇన్నేళ్ళు ఒక మగాణ్ణి పిలిచిన పేరు అది, ఇంకొకరి కోసం ఆ నోటికి రాలేదు. పెదవులు కదిలాయి, అంతే.

"కూకో అనే పిలువు వదినా," అన్నాడతను. "నాకూ ఆ పేరు అలవాటు తప్పింది."

యుదెల్కా రుమాలు నోట్లో కుక్కుకుంది. ఆయన పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు, నేను చూశాను.

తొమాసా రెండో పది పూసలు మొదలుపెట్టింది. మిగిలిన కొద్దిమందిమి జవాబు చెబుతున్నాం. అప్పుడు వినిపించింది మైదానం వైపు నుంచి సుత్తి చప్పుడు. ఠక్కు, ఠక్కు, ఆగి మళ్ళీ ఠక్కు. బోర్డుకి మేకులు బిగిస్తున్నారో, పీకుతున్నారో ఇంట్లో కూర్చున్నవాళ్ళకి తెలియడం లేదు.

"ఏం చేస్తున్నార్రా వాళ్ళు?" అంది ఫెర్మినా.

కూకో లేచి గుమ్మం దాకా వెళ్ళాడు. బయటికి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏం చేస్తున్నారో చెప్పరా!"

"మైదానం అన్నదే అమ్మా," అన్నాడతను. చెప్పుల్లో కాళ్ళు దూర్చుకుని, ఆ కుంటికాలితోనే, మైదానం వైపు నడవడం మొదలుపెట్టాడు.